ఇన్‌లాండ్ మడతలో మిగిలిన చోటు

చిత్రకారుడు బాపు చేతిరాత ఇప్పుడు కంప్యూటర్లో ఫాంటు. శుభలేఖల మీద తరచూ ఆ అక్షరాలే పలకరిస్తాయి. ఆ రాతంటే నాకూ ప్రాణమే. అయినా ఫాంటులో పది ‘క’లుంటే పదీ ఒక్కలాగే ఉంటాయి. కలంతో రాసిన ‘క’ మళ్లీ అలాగే రాదు. మొదటి పంక్తిలో కుదురుగా కూర్చున్న తలకట్టు, తొందర ముంచుకొచ్చేసరికి పక్క అక్షరం మీదికి ఒరుగుతుంది. సిరా ముద్దకట్టిన చోట చెయ్యి ఆగి ఆలోచించిందని, ఒత్తు కాగితం వెనక్కి దిగిన చోట మనసు బిగిసిందని చదివేవాళ్లు పట్టేస్తారు. ఉత్తరంలో నేను వెతికేది ఇదే. దస్తూరి ముత్యాల్లా లేకపోయినా నాకు పట్టింపు లేదు.

పైన ‘శ్రీరామ’, కుడిపక్క ఊరూ తేదీ, తర్వాత ‘నమస్కరించి వ్రాయునది’, ‘ఉభయకుశలోపరి’. ఇవన్నీ ఊకదంపుడని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ నాలుగు మాటలూ రాసేలోపు చెయ్యి కుదుటపడుతుంది, చెప్పాల్సిన సంగతికి ధైర్యం వస్తుంది. రాజమండ్రి నుంచి మా పిన్ని రాసే ఇన్‌లాండ్ ఉత్తరాల్లో వానలూ పెళ్లిళ్లూ అన్నీ అయిపోయాక, అంటించే మడత మీద అడ్డంగా ఒక్క వాక్యం ఉండేది: ‘బాబాయికి ఒంట్లో బాగోలేదు, కంగారుపడకు.’ ఉత్తరమంతా ఆ వాక్యం కోసమే రాసిందని చదవగానే అర్థమయ్యేది.

అదే రాజమండ్రిలో కె.వి. రత్నం గారు స్వదేశీ పెన్ను చేసి పంపితే, గాంధీజీ దాన్ని వాడి చూసి 1935 జూలైలో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. అలాంటి సిరా పెన్నుతో రాస్తే మాటకీ మాటకీ మధ్య కాస్త ఊపిరాడుతుంది.

ఈ చేతిరాత విషయంలో నా బెంగ పిల్లల గురించి. మా చెన్నై తెలుగు ఇళ్లల్లో చాలామంది పిల్లలు తెలుగు మాట్లాడతారు, రాయలేరు. 2006 నాటి చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఉన్న ఊరి భాష రావాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ తెలుగు రాత ఇంట్లోనైనా నేర్పకపోతే ఇంకెక్కడ వస్తుంది? రెండున్నర రూపాయల ఇన్‌లాండ్ ఒకటి కొని, ఊళ్లో ఉన్న తాతయ్యకో అమ్మమ్మకో పిల్లల చేతే రాయించండి. ఒత్తులు తప్పినా దిద్దకండి, అలాగే పంపండి. తాతయ్య కూడబలుక్కుని చదువుకుంటారు, జవాబు కూడా రాస్తారు.