సూర్ పడవకు ఎన్ని రేవులు!

"సూర్ దాకా వెళ్లి చూసేదేముందండీ? అక్కడ పడవలు చేసేది మన కేరళ వాళ్లూ గుజరాతీలేనట. అరబ్బుల చేతిపని అన్నది బోర్డు మీది మాట." ఒమన్ రాజధాని మస్కట్‌లో స్థిరపడిన అమలాపురం మిత్రుడు బయల్దేరకముందే ఇలా చప్పరించేశారు. ఆ మాటను దారి పొడుగునా నమిలాను.

దారి అంటే మస్కట్ నుంచి ఆగ్నేయంగా సముద్రాన్ని ఒరుసుకుంటూ సాగే రోడ్డు. ఎడమ చేతికి నీళ్లు, కుడి చేతికి గడ్డిపోచ మొలవని కొండలు. మధ్యలో ఖల్హాత్ వస్తుంది. మార్కో పోలో, ఇబ్న్ బతూతా ఇద్దరూ చెప్పిన రేవు అది. ఇప్పుడక్కడ శిథిలాల మధ్య బీబీ మరియం సమాధి మాత్రం నిలబడి ఉంది. తీరిగ్గా చూడాల్సిన చోటే, కానీ నా మనసు ముందుకు పరిగెత్తింది.

సూర్‌లో సముద్రం ఊళ్లోకి దూరి ఒక కయ్యగా మారింది. ఆ కయ్య మీద వేలాడే వంతెన, అవతల అల్ అయ్‌జా పేట, దాని చివర తెల్లటి లైట్‌హౌస్. ఇవతలి ఒడ్డున పడవల యార్డు. గేటు దాటగానే టేకు పొట్టు వాసన.

మనం ఇల్లు కట్టేటప్పుడు ముందు స్తంభాలు లేపి, తర్వాత గోడలు పెడతాం. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. అడుగు దూలం పరిచి, ముందూ వెనకా కొమ్ములు నిలిపి, ఆ వెంటనే పక్క పలకలను అంచుకు అంచు చేర్చి వంచుకుంటూ పోతారు. పడవ కడుపు ఒక రూపానికి వచ్చాకే లోపలి వంపు కొయ్యలను ఆ కడుపుకు సరిపడా చెక్కి బిగిస్తారు. ఈ పద్ధతిలో కాగితం మీద గీసిన ప్లాను ఉండదు. ఏ పలక ఎంత వంగాలో పెద్ద మేస్త్రీ కన్నే చెబుతుంది. ఒక పలక తప్పుగా వంగితే పైన వచ్చేవన్నీ ఆ తప్పునే మోస్తాయి. పలకల సందుల్లో నూనెలో నానబెట్టిన దూది కూరుతారు. నీళ్లలో మునిగే భాగానికి పురుగు పట్టకుండా సున్నం, కొవ్వు కలిపి పూయడం పాత పద్ధతి. ఒకప్పుడు విల్లుతో తిప్పే బరమాతో చిల్లులు వేసేవారు, ఇప్పుడు కరెంటు డ్రిల్లు గోల పెడుతోంది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. చెమట తగ్గించే పనిముట్టును చూసి విచారపడేది చూడ్డానికి వచ్చినవాళ్లే.

యార్డులో నాతో హిందీలో మాట్లాడిన వడ్రంగి మలయాళీ. అంటే మిత్రుడి మాట నిజమే. మరి ఆ మాటకు ఎంత బరువు ఇవ్వాలి?

ఒమన్‌లో ఓడకు పనికొచ్చే అడవి లేదు. టేకు మలబారు నుంచి వచ్చేది, తాడు కొబ్బరి పీచుది. పదో శతాబ్దపు రచయిత అబూ జైద్ అల్ సిరాఫీ ఒక ముచ్చట రాశాడు. ఒమన్ వడ్రంగులు పనిముట్లు పట్టుకుని కొబ్బరి దీవులకు వెళ్లి, చెట్టు కొట్టి పలకలు తీసి, పీచుతో తాడు పేని, ఆ తాడుతోనే పలకలు కుట్టి, ఆ కొబ్బరికాయలనే సరుకుగా నింపుకుని ఇంటికి మళ్లేవారట. మేకులు లేకుండా కుట్టిన ఓడలవి. 1980లో టిమ్ సెవెరిన్ అనే సాహస యాత్రికుడు అలాంటి ఓడనే సూర్ ఒడ్డున కట్టించాడు. కలప మన పశ్చిమ తీరం నుంచి, కుట్టే చేతులు లక్షద్వీప్ నుంచి వచ్చాయి. 'సొహార్' అని పేరు పెట్టిన ఆ ఓడ ఆ నవంబరులో మస్కట్ నుంచి బయల్దేరి 1981 జులైలో చైనాలోని కాంటన్ చేరింది.

ఇక ఊరి మ్యూజియం దగ్గర నిలిపిన 'ఫతహ్ అల్ ఖైర్'. 1951లో ఇక్కడే కట్టిన ఘంజా రకం ఓడ. చేతులు మారి యెమెన్ చేరితే, ఊరివాళ్లు చందాలు పోగుచేసి 1993లో వెనక్కి తెచ్చుకున్నారు. దాని వెనుక భాగపు చెక్కడం దగ్గర ఆగిపోయాను. ఆ తీరు పోర్చుగీసు ఓడలను చూసి నేర్చుకున్నదంటారు. కొయ్య మలబారుది, వెనుక తీరు పోర్చుగీసుది, కన్ను సూర్ మేస్త్రీది. మలయాళీ చేయి పడినంత మాత్రాన ఇందులో ఏం మైలపడింది? ఈ పడవ ఏనాడూ ఒక్క ఊరి సొత్తు కాదు.

ఇంత గర్వం మధ్య ఒక మాట దాటవేయలేం. ఈశాన్య గాలికి తూర్పు ఆఫ్రికా వెళ్లి, నైరుతి గాలికి తిరిగొచ్చిన సూర్ ఓడలు ఖర్జూరాలు, మడ కొయ్యలే కాదు, బానిసలనూ మోశాయి. బ్రిటిష్ నౌకల సోదా తప్పించుకోవడానికి ఇక్కడి యజమానులు కొందరు ఫ్రెంచి జెండా ఎగరేసుకున్నారు. ఆ జెండాల తగవు హేగ్‌లోని మధ్యవర్తుల దాకా వెళ్లి 1905లో తీర్పయింది. పడవ అందాన్ని వర్ణించే నాలాంటివాళ్లు ఈ సరుకు సంగతి కూడా చెప్పి తీరాలి.

నిజంగా పోయింది వేరే ఉంది. ఆవిరి ఓడలు, ఆ తర్వాత మోటారు ఓడలు సరుకు లాక్కున్నాయి. గాలి కోసం కాచుకునే వ్యాపారమే లేకపోయాక, మేస్త్రీ కన్ను కొడుక్కి అందే దారి మూసుకుపోయింది. యార్డుకు ఇప్పుడొచ్చే పనిలో షోకు పడవలు, బొమ్మ పడవలే కనిపించాయి. మన గోదావరి తీరపు తాళ్లరేవు, కోరంగిల్లో చెక్క పడవలు కట్టే కుటుంబాలకు ఈ కథ విడమర్చి చెప్పనక్కర్లేదు. అక్కడా కన్నే కొలత.

తిరుగు దారిలో మిత్రుడికి ఫోన్ చేసి వాదన పెట్టుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు. "అయితే ఇప్పుడు సూర్ నుంచి మనకేం వస్తోంది చెప్పండి" అన్నారు. యూరియా అన్నాను. మన సహకార ఎరువుల సంస్థలు ఇఫ్కో, క్రిభ్‌కోలు ఒమన్ వారితో కలిసి అక్కడ పెట్టిన ఫ్యాక్టరీ నుంచి ఏళ్ల తరబడి మన దేశానికి ఓడల్లో దిగింది అదే. టేకు అటు వెళ్లిన సముద్రం మీదుగానే ఎరువు ఇటు వచ్చింది. ఓడ మాత్రం సూర్‌లో కట్టింది కాదని ఆయన వెంటనే అందుకున్నారు. ఆ ఒక్క ముక్కకు నా దగ్గర జవాబు లేదు.