మాను మొదట్లో చూడాలి

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి మీదికొస్తే కర్నూలు జనం మిద్దెలెక్కారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ వాళ్లకు చింతమాను దొరికింది. నూట యాభై మంది దాకా దాని కొమ్మలు పట్టుకుని బతికారని చెబుతారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ మాను ఇంకా ఉంది, ఏటా ఆ రోజున దాని కింద సభ కూడా జరుగుతుంది. సభ మంచిదే. కానీ అక్కడ వినేది మాను కథ. మానును చూడడం వేరే పని, అది తలెత్తి కాదు, వంగి చేయాల్సింది. ఆరోగ్యంగా ఉన్న చెట్టు బోదె నేలను తాకేచోట వెడల్పవుతుంది. కరెంటు స్తంభంలా తిన్నగా దిగబడి ఉంటే, మొదట్లో మట్టో సిమెంటో పోశారన్నమాట. నీళ్లు పీల్చే సన్నవేర్లలో ఎక్కువ భాగం పై రెండు మూడు అడుగుల్లోనే, కొమ్మల నీడ దాటి కూడా పరుచుకుంటాయి. వాటి మీద బండ్లు నిలిపి నేల గట్టిపడితే వాన ఇంకదు. ఏడాదికి ఏడు వందల మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడే మన సీమలో ఆ నష్టం చిన్నదా? పైకొమ్మల చివర్లు ఎండేది ఆ తర్వాతెప్పుడో. అందాకా చెట్టు పచ్చగానే కనిపిస్తుంది. నరికితే అందరికీ వాల్టా చట్టం గుర్తొస్తుంది, కాంక్రీటు పోస్తే ఏదీ గుర్తు రాదు.

ముసలి మాను ప్రమాదం కదా, కొమ్మ విరిగి మనిషి మీద పడితే ఎవరు జవాబుదారీ అంటారు. న్యాయమైన ప్రశ్నే. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిలో 2017 డిసెంబరులో పెద్దకొమ్మ కూలింది, చెదలు లోపల తినేశాయి. సందర్శకులను ఆపి, 2018లో సెలైన్ సీసాలతో చెదల మందు ఎక్కించారు. ఏ కొమ్మ బోలుపోయిందో మొదటి నుంచీ చూసేవాళ్లుంటే ఆ కొమ్మకు ఆసరా పెట్టొచ్చు, లేదా దాన్నొక్కదాన్నే తీసేయొచ్చు. చూడనివాళ్లకే మొత్తం చెట్టు భయం. నీళ్లకే కరువైన చోట ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి అనేవాళ్లకు కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానే జవాబు. అక్కడ లేత ఊడలను మట్టి నింపిన వెదురు బొంగుల్లోంచి నేలకు దించుతారు. అదే కరువు నేలలో అది ఎకరాలకొద్దీ పాకింది. పట్నంలో అంత జాగా ఉండదు, నిజమే. అంత అక్కర్లేదు కూడా. కర్నూలులోనో కడపలోనో ఈసారి రచ్చకట్టకు మరమ్మతు చేసేటప్పుడు, బోదె చుట్టూ నాలుగైదు అడుగులు మట్టి వదిలి, ఆపైన రాళ్లను సిమెంటు లేకుండా పేర్చమని మేస్త్రీకి ముందే చెప్పాలి.