క్రోము క్రింది త్రుప్పు

నిజాంపట్నం హార్బరులో తెల్లవారుజామున చేపల వేలము ముగిసి, మోపెడ్ల వెనుక కట్టిన పెట్టెలు రేపల్లె వైపునకు తరలు వేళ, ఆ పెట్టెల అడుగునుండి కారు మంచునీరు ఉప్పుతో కలిసి సరిగా వెనుకచక్రపు రిమ్ము మీదనే బొట్లు బొట్లుగా పడుచుండుట చూచినవారికి, ఈ తీరమున క్రోము ఏల అంత త్వరగా ఎర్రబారునో వేరుగ చెప్పనక్కరలేదు. 1611లో ఆంగ్లేయుల గ్లోబ్ నౌక ఈ రేవునకు వచ్చిననాడును ఇచ్చటి ఇనుము త్రుప్పు పట్టుచునే యుండును. క్రోము మెరుగు మాత్రము 1920ల నాటినుండి ఇనుము ధరించిన వేషము.

నిజమునకు త్రుప్పు పట్టునది క్రోము కాదు, దాని క్రింది ఉక్కు. ఉక్కుపై నికెలు పొర, ఆ పైన మిల్లీమీటరులో వెయ్యవవంతునకును తక్కువ మందముగల క్రోము. ఈ పలుచని పూతయందలి, కంటికి కానరాని పగుళ్లలో లవణజలము దిగి, నికెలునుగూడ దాటి ఉక్కును తాకినంతనే ఆ లోహముల నడుమ సూక్ష్మమైన విద్యుద్ఘటమొకటి ఏర్పడును. ఆ వ్యవహారమున క్షయించునది ఉక్కే.

ఆదివారము నా పాత సైకిలును పెరటిలో తలక్రిందులుగ నిలిపి, ముందుగా మంచినీటితో ఉప్పును, ఇసుకను కడిగివేయుదును. ఇసుక యుండగా తోముట రిమ్మును మనచేతులతో మనమే గీకుట. పిమ్మట పొట్లములకు చుట్టు అల్యూమినియము కాగితమును ఉండచేసి, నిమ్మరసపు నీటిలో ముంచి, తేలికగా రుద్దుదును. అల్యూమినియము క్రోముకంటె మెత్తనిది గనుక అంతగా గీతలు పడవు, త్రుప్పు మాత్రము గోధుమవన్నె ముద్దయై విడిచివచ్చును. మా ఇంటివారు ఇత్తడి బిందెల అలవాటుచేత చింతపండునే ప్రశస్తమందురు. నాకును అభ్యంతరము లేదు గాని, ఏ పులుసునైనను వెంటనే కడిగి, పుల్లల మొదళ్లవరకు తుడిచి ఆరబెట్టవలయును. గరుకు కాగితమును దరిచేర్చువారితో నాకు మాటలు లేవు.

ఇంత చేసినను నల్లని చుక్కలు కొన్ని మిగులును. అవి మురికి కాదు, గుంటలు. వానినిగూడ మాపవలెనని పట్టుపట్టినవాడు చుట్టునున్న మంచి క్రోమునుగూడ అరగదీసి, మరునాటి త్రుప్పునకు ద్వారము తెరచును. నేనా చుక్కలను అట్లే విడిచి, పైన కొబ్బరినూనె పలుచగా పూయుదును. కడ్డీబ్రేకుల సైకిలునకు మాత్రము జాగ్రత్త యవసరము: బ్రేకు రబ్బరులు రిమ్ము లోపలి ముఖమునే పట్టును గనుక ఆ వైపున నూనె చుక్క యైనను తగులరాదు.

వెండిరంగు పూసి అమ్ముట ఒక విద్యయే. రంగు క్రింద త్రుప్పు ఉబ్బి పొక్కులు లేచునాటికి కొన్నవాడు ఊరు దాటియుండును. మరల క్రోము పూత వేయించుటకు పాత పొరలను దింపవలె, విషపూరితమైన క్రోమిక్ ఆమ్లపు తొట్టిలో ముంచవలె. అంతకంటె కొత్త రిమ్ము మేలని మెకానిక్కు చెప్పినపుడు ట్యూబును తీసి లోపలివైపు చూడుడు: పుల్లల రంధ్రముల చుట్టు ఇనుము పొరలు పొరలుగ ఊడుచున్నచో, ఆతని మాటయే వినదగినది.