ఇరుకులో పుట్టిన వేగం

1960ల నాటి జపాన్ కారు ఎదురుగా నిలబడితే ముందు కంటబడేవి దాని అద్దాలు. అవి తలుపుల దగ్గర ఉండవు. బానెట్‌కు అటొకటి ఇటొకటి, ముందు చక్రాల పైరేకు మీద సన్నని కాడలపై నిలబడి ఉంటాయి. స్వదేశంలో అమ్మే కార్లకు తలుపు మీద అద్దాలు పెట్టడానికి జపాన్ నిబంధనలు 1983 దాకా ఒప్పుకోలేదు. మొదటిసారి చూసినవాళ్లకు వింతగా ఉంటుంది. స్టీరింగ్ వెనక కూర్చుంటే మాత్రం అందులోని సుఖం తెలుస్తుంది. తల పక్కకు తిప్పక్కర్లేదు, చూపు రోడ్డు మీద ఉండగానే వెనక వచ్చేవి రెండు వైపులా కనిపిస్తాయి. తలుపుల పక్కన ఏదీ పొడుచుకు రాదు కనుక ఇరుకు సందుల్లో గోడలకు గీసుకునే భయమూ తగ్గుతుంది.

ఆ రోజుల్లో అక్కడ కార్ల తయారీదారులకు ఎటు చూసినా హద్దులే. చిన్న కార్ల తరగతిలో ఉండాలంటే పొడవు 4.7 మీటర్లు, వెడల్పు 1.7 మీటర్లు, ఇంజిన్ 2000 సీసీ దాటకూడదు. దాటితే పన్ను భారీగా పడుతుంది. అంతకంటే దిగువన ‘కేయి’ అనే మరీ చిన్న తరగతి ఉండేది. దానికి 360 సీసీ ఇంజిన్, మూడు మీటర్ల పొడవు, 1.3 మీటర్ల వెడల్పు. పాత జపాన్ కార్ల మీద నాకున్న ఇష్టమంతా ఇక్కడే మొదలవుతుంది. స్థలం లేదు, సీసీలు లేవు, డబ్బూ లేదు. ఉన్నంతలోనే ప్రతి గ్రాము బరువునూ, ప్రతి మిల్లీమీటరునూ లెక్క చూసి పని చేయించారు. ఆ లెక్క నేర్చినవాళ్లలో చాలామంది అంతకుముందు విమానాలు చేసినవాళ్లు.

1945లో యుద్ధం ఓడిపోయాక జపాన్ విమానాలు తయారుచేయకూడదని ఆక్రమణ సేనలు నిషేధం పెట్టాయి. నకజిమా, తచికవా వంటి విమాన కంపెనీల ఇంజనీర్లకు పని పోయింది. వాళ్లలో కొందరు కార్ల వైపు వచ్చారు. నకజిమాలో పనిచేసిన షిన్‌రోకు మొమొసే చేతిలో 1958లో సుబారు 360 రూపు దిద్దుకుంది. వెనక భాగంలో 356 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్, పది అంగుళాల చక్రాలు, నలుగురికి చోటు. బరువు మాత్రం 385 కిలోలే. విడిగా ఛాసిస్ లేకుండా పలచని రేకునే వంపులు తిప్పి బలం రప్పించడం విమానం పొట్ట కట్టినవాళ్లకు చేతనైన విద్య.

తచికవాలో విమానాలు రూపొందించిన తత్సువో హసెగవా టయోటాలో చేరాడు. 1966లో వచ్చిన మొదటి కొరొల్లాకు ప్రధాన ఇంజనీరు ఆయనే. నా మనసు మాత్రం అంతకు ఏడాది ముందు వచ్చిన టయోటా స్పోర్ట్స్ 800 దగ్గర ఆగిపోతుంది. రెండు సిలిండర్ల 790 సీసీ ఇంజిన్, 45 హార్స్‌పవర్, 580 కిలోల బరువు. కాగితం మీద చూస్తే ఇవేం అంకెలు అనిపిస్తాయి. గాలిని చీల్చుకుని పోయే గుండ్రని ఒళ్లు, తేలిక బరువు కలిసి ఏం చేయగలవో 1966 జనవరిలో సుజుకా 500 కిలోమీటర్ల పందెంలో తేలింది. పెద్ద ఇంజిన్ల కార్లు పెట్రోలు కోసం ఆగాయి. ఇది ఆగకుండా మొత్తం దూరం పరిగెత్తి గెలిచింది. రెండో స్థానం కూడా దానిదే.

తెలుగువాళ్లకు ఈ సంప్రదాయం కొత్తదేమీ కాదు. 1983 చివర్లో వచ్చిన మారుతి 800కు మూలం సుజుకి వాళ్ల కేయి తరగతి ఆల్టోనే, అందులో 796 సీసీ ఇంజిన్ పెట్టారు. అదే దశకంలో జహీరాబాద్‌లో హైదరాబాద్ ఆల్విన్, నిస్సాన్ కలిసి చిన్న ట్రక్కులు తయారుచేశాయి. కొలత తగ్గినా పనితనం తగ్గదన్న సంగతి మన రోడ్లు అప్పుడే చూశాయి.

హోండా కథ మరో దారి. వాళ్లు మోటార్ సైకిళ్ల నుంచి వచ్చారు. 1964 నాటి ఎస్ 600 బానెట్ ఎత్తి చూస్తే 606 సీసీ ఇంజిన్‌కు నాలుగు కార్బురేటర్లు, సిలిండరుకు ఒకటి చొప్పున, వరుసగా బిగించి ఉంటాయి. పైన రెండు కామ్‌షాఫ్టులు, క్రాంక్‌షాఫ్టుకు సూది రోలర్ బేరింగులు. 8500 ఆర్‌పీఎం దగ్గర 57 హార్స్‌పవర్ వస్తుంది. అప్పటి మామూలు కుటుంబ కార్లు అందులో సగం వేగం దాటగానే ఆయాసపడేవి. వెనక చక్రాలను తిప్పేది చైనే. ఒక్కో చక్రానికి ఒక్కో చైన్, అది అల్యూమినియం పెట్టెలో నూనెలో తిరుగుతుంది. ఆ పెట్టె చక్రాన్ని పట్టి ఉంచే చేయిగా, సస్పెన్షన్‌లో భాగంగా కూడా పనిచేస్తుంది. ఒకే భాగంతో రెండు పనులు!

అయితే ఈ తరం పట్టుదలను పూర్తిగా చూడాలంటే హిరోషిమా వెళ్లాలి. తొయో కొగ్యో, అంటే ఇప్పటి మాజ్దా, అక్కడి కంపెనీ. 1945 ఆగస్టులో బాంబు పడినప్పుడు హిజియామా గుట్ట అడ్డుండటం వల్ల దాని ఫ్యాక్టరీ చాలావరకు నిలిచింది. యుద్ధం తర్వాత మూడు చక్రాల ట్రక్కులు అమ్ముకుంటూ బతికింది. 1960ల మొదట్లో ప్రభుత్వం కార్ల కంపెనీలను కొన్ని పెద్ద గుంపుల్లో కలిపేయాలని చూసింది. అప్పుడు కంపెనీ అధ్యక్షుడు త్సునేజీ మత్సుదాకు, మరెవరికీ లేని విద్య ఒకటి చేతిలో ఉంటే తప్ప కంపెనీ విడిగా మిగలదనిపించింది. 1961లో జర్మనీ కంపెనీ ఎన్‌ఎస్‌యూ నుంచి రోటరీ ఇంజిన్ లైసెన్సు తెచ్చాడు.

మామూలు ఇంజిన్‌లో పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకుంటుంది. రోటరీలో పిస్టనూ లేదు, వాల్వులూ లేవు. వేరుశనగ కాయలా నడుము కాస్త నొక్కుకుపోయిన లోహపు గదిలో, అంచులు ఉబ్బిన ముక్కోణపు రోటర్ తిరుగుతుంది. గాలీ పెట్రోలూ పీల్చడం, నొక్కడం, మండించడం, పొగ వదలడం అన్నీ ఆ మూడు ముఖాల మీద ఏకధాటిగా సాగుతాయి. అదురు తక్కువ, బరువు తక్కువ, చోటూ తక్కువే పడుతుంది. చిక్కంతా మూడు కొనల దగ్గరే. ఒక ముఖం దగ్గరి మంట పక్క ముఖానికి పోకుండా ప్రతి కొనకూ సన్నని కడ్డీ లాంటి సీలు ఉంటుంది. అడుగున స్ప్రింగు నెట్టుతుంటే అది గది గోడను వదలకుండా రాసుకుంటూ పోవాలి.

తెచ్చిన ఇంజిన్ కొంతకాలం తిరిగేసరికి గోడ మీద అలలు అలలుగా గీతలు పడ్డాయి. ఇంజనీర్లు వాటికి దయ్యం గోళ్ల గీతలని పేరు పెట్టుకున్నారు. ఎన్‌ఎస్‌యూ వాళ్లనూ ఇదే పీడించింది. కెనిచీ యమమోతో నాయకత్వంలో 47 మంది ఇంజనీర్లు దీని మీద కూర్చున్నారు. జపాన్ చరిత్రలో తమ దొర కోసం ప్రాణాలిచ్చిన 47 మంది సమురాయ్‌ల పేరుతోనే వాళ్లనూ పిలవడం అలవాటయింది. గట్టి లోహాలు మార్చి చూస్తూ పోయాక అసలు సంగతి తెలిసింది. సీలు అరుగుదలకు లొంగడం లేదు, అదురుతోంది. గోడ మీద జారుతూ ఒకానొక లయలో వణికి, ఆ వణుకే గీతలుగా దిగుతోంది. వెంటనే సీలు కొనకు కాస్త కిందగా నిలువునా అడ్డంగా సన్నని రంధ్రాలు తొలిచారు. దాంతో సీలు అదిరే లయ మారిపోయింది, గీతలు ఆగిపోయాయి! తర్వాత అమ్మకానికి పెట్టే ఇంజిన్ కోసం కార్బన్‌లోకి అల్యూమినియం ఎక్కించిన సీలు తయారుచేశారు. నూనె మంటలోకి కారి తెల్లపొగ రావడం, తక్కువ వేగంలో ఇంజిన్ కుదుపులివ్వడం లాంటి మిగతా జబ్బులకూ ఒక్కొక్కటిగా మందు కనిపెట్టారు. గాలి వచ్చే దారిని గది అంచు నుంచి పక్క గోడకు మార్చారు, ఒక్కో రోటర్‌కు రెండేసి ప్లగ్గులు పెట్టారు.

1967 మేలో కాస్మో స్పోర్ట్ వచ్చింది. రెండు రోటర్లు, ఒక్కోటి 491 సీసీ, కలిపి 110 హార్స్‌పవర్. మరుసటి ఏడు రెండు కాస్మోలు జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్‌లో 84 గంటల పందానికి దిగాయి. ఒకటి 82వ గంటలో ఇరుసు దగ్గర దెబ్బతిని ఆగింది. రెండోది నాలుగో స్థానంలో ముగించింది. 1991లో నాలుగు రోటర్ల 787బి లె మాన్స్ 24 గంటల పందెం గెలిచింది. ఆ పందెం గెలిచిన మొదటి జపాన్ కంపెనీ మాజ్దాయే. అప్పటికి ఆ సీళ్లు సెరామిక్‌వి.

ప్రిన్స్ కంపెనీ మాత్రం కొలతలను సాగదీసింది. స్కైలైన్ సెడాన్ ముక్కును 20 సెంటీమీటర్లు పొడిగించి, గ్లోరియా కారులోని ఆరు సిలిండర్ల ఇంజిన్‌ను అందులో దూర్చింది. 1964 మేలో సుజుకాలో తెత్సు ఇకుజవా ఆ సెడాన్‌తో పోర్షే 904ను దాటి ఒక ల్యాపు పాటు ముందు నడిచాడు. గెలిచింది పోర్షేనే. తర్వాత రెండు నుంచి ఆరు దాకా స్థానాలన్నీ స్కైలైన్లవే. 1969 నాటి స్కైలైన్ జీటీ–ఆర్‌కు పునాది ఆ పందెంలోనే పడింది.

అదే 1969లో నిస్సాన్ ఫెయిర్‌లేడీ జెడ్ విడుదలైంది. జపాన్‌లో రెండు లీటర్ల హద్దులోపలి ఇంజిన్‌తో, అమెరికాలో 2393 సీసీ ఇంజిన్‌తో డాట్సన్ 240జెడ్‌గా అమ్మారు. అమెరికాలో కంపెనీ వ్యవహారాలు చూసిన యుతకా కతయామా, ఫెయిర్‌లేడీ అన్న పేరు స్పోర్ట్స్ కారుకు నప్పదని తీసేయించాడు. ధర 3,526 డాలర్లు. దీని రెండు హిటాచీ కార్బురేటర్లను సరిచేయడం చూడటం నాకు ఎప్పటికీ విసుగు పుట్టని పని. మెకానిక్ ఎయిర్ క్లీనర్ విప్పి, రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, మరో కొస కార్బురేటర్ నోటి దగ్గర పెట్టి గాలి బుసను వింటాడు. రెండింటి బుసా ఒకే స్థాయిలో వినబడేదాకా స్క్రూ తిప్పుతాడు. ఆ తర్వాత లోపలి పిస్టన్‌ను కొద్దిగా, మిల్లీమీటరు మేర, పైకి లేపుతాడు. ఇంజిన్ వేగం పెరిగి అలాగే నిలిచిపోతే పెట్రోలు ఎక్కువ వస్తున్నట్టు. తడబడితే తక్కువైనట్టు. ఒక్క క్షణం పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిపోయినట్టు. కంప్యూటరు తగిలించే కార్లలో ఈ చెవి, ఈ వేలు అక్కర్లేదు. వాటిని సాధించిన మనిషికి మాత్రం ఇంజిన్ ఏం అడుగుతోందో తెలిసిపోతుంది.

అందరూ ముందు చెప్పే టయోటా 2000జీటీని చివరికి ఉంచాను. యమహా చేసిన ట్విన్ కామ్ హెడ్, అదే యమహా సంగీత వాద్యాల పనివాళ్ల నైపుణ్యంతో కుదిరిన చెక్క డాష్‌బోర్డు, 1967 నుంచి 1970 దాకా తయారైనవి 351 మాత్రమే. చూడటానికి దాన్ని మించిన జపాన్ కారు లేదు. 2013లో ఒకటి వేలంలో పది లక్షల డాలర్లు దాటింది. అందువల్లే దానికి రోడ్డు దూరమైపోయిందని నాకు బాధ. పాత కారుకు నడకే ఆరోగ్యం. నిలబెట్టి ఉంచితే రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, ట్యాంకులో తుప్పు పడుతుంది, కార్బురేటర్‌లో జిగురు పేరుకుంటుంది.

వీటిని నడిపించుకునేవాళ్లకు జపాన్‌లో ప్రోత్సాహమేమీ లేదు. పెట్రోలు కారుకు పదమూడేళ్లు దాటితే వార్షిక పన్ను 15 శాతం దాకా పెరుగుతుంది. రెండేళ్లకోసారి కఠినమైన తనిఖీ ఉంటుంది. ఆ రోజుల పలచని రేకుకు తుప్పు పెద్ద శత్రువు. చక్రాల పై అంచులు, తలుపుల కింద పట్టీలు ముందు పోతాయి. అయినా యజమానులు పట్టు వదల్లేదు, కంపెనీలే కొంత దిగి వచ్చాయి. 2017లో మాజ్దా మొదటి తరం రోడ్‌స్టర్లకు పునరుద్ధరణ సేవ మొదలుపెట్టింది. నిస్సాన్ ఆర్32 జీటీ–ఆర్ భాగాలను మళ్లీ తయారుచేయించింది. 2020లో టయోటా 2000జీటీ గేరు బాక్సు భాగాలను కూడా తిరిగి అమ్మకానికి పెట్టింది.

పనితనం కూడా ఆగలేదు. 2023లో మాజ్దా తన ఎంఎక్స్–30 విద్యుత్ కారులో బ్యాటరీకి కరెంటు అందించడానికి ఒక్క రోటర్ ఉన్న 830 సీసీ ఇంజిన్‌ను పెట్టింది. మళ్లీ రోటర్ కొనల మీదికే పోయారు. అంతకుముందు 2 మిల్లీమీటర్లున్న సీలు మందాన్ని ఈసారి 2.5 మిల్లీమీటర్లు చేశారు.