ఎనిమిది పాచికలు, ఒక చీమ

"సార్, చీమ తన బరువుకు పదింతలు మోస్తుంది కదా, అదే మనంత ఉంటే లారీ ఎత్తేస్తుందా?"

ఏటా తొమ్మిదో తరగతిలో ఎవరో ఒకరు అడుగుతారు. నేను జవాబు చెప్పను. సొరుగులోంచి ఎనిమిది పాచికలు తీసి, అన్నీ కలిపి ఒకే పెద్ద పాచికగా పేర్చమంటాను. పొడవు రెండింతలైంది. ఒక పక్కన ఎన్ని ముఖాలు కనబడుతున్నాయిరా? నాలుగు. మరి బరువు? ఎనిమిది. అక్కడ కాసేపు ఊరుకుంటాను. పిల్లల కళ్లలో లెక్క కదలడం చూడటం నాకు ఇన్నేళ్లయినా ఇష్టమే.

కండ బలం దాని మందాన్ని, అంటే అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. చీమను అదే ఆకారంలో 100 రెట్లు పెంచితే బలం 10,000 రెట్లు, బరువు 10 లక్షల రెట్లు అవుతాయి. పదింతలు మోసిన చీమ ఇక తన బరువులో పదో వంతే ఎత్తగలదు. సొంత ఒంటినే ఆ కాళ్లు మోయలేవు. జంతువుల ఎముకల విషయంలో గెలీలియో 1638లోనే ఈ సంగతి రాశాడు.

చిన్నది కాబట్టే చీమకు ఆ బలం. ఈ మాటకు కొందరు పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. నాకు మాత్రం చీమ మీద గౌరవం ఇక్కడే పెరుగుతుంది. మేడ మీంచి పడినా లేచి నడిచిపోతుంది. దాని గండమల్లా నీళ్లే. స్నానం చేసొచ్చిన మనిషి ఒంటిని అంటుకునే నీళ్లు అర కిలోకి మించవు. తడిసిన ఈగ మోయాల్సింది తన బరువుకు ఎన్నో రెట్లు. ఈ పోలిక బ్రిటిష్ జీవశాస్త్రవేత్త హాల్డేన్‌ది, 1926 నాటి వ్యాసంలోది. తర్వాత ఆయన మన దేశానికే వచ్చేశాడు. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాక, ఆయన కోరినట్టే దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. కాకినాడ వెళ్తే ఆ గేటు ముందు ఓ నిమిషం ఆగుతాను.

నిన్న పొద్దున వంటగట్టు మీద ఒలికిన నీటిబొట్టులో ఒక గండుచీమ చిక్కుకుంది. ఆరు కాళ్లూ కొట్టుకుంటున్నా బొట్టు అంచు తెగడం లేదు. పక్కనే అది మోసుకొచ్చిన మెతుకు, దాని ఒంటికి రెండింతలుంది. చీపురుపుల్ల అందించాను. ఎక్కి, ముందుకాళ్లతో మీసాలు తుడుచుకుని, మళ్లీ ఆ మెతుకు దగ్గరికే వెళ్లింది.