కొమ్మ నాటితే మాను

బళ్ళారి అనగానే ఎండలు, బండలు, ఇనుప గనులు గుర్తొస్తాయి. అంజూర కూడా గుర్తుకు రావాలి. ‘బళ్ళారి’ పేరుతో ఒక అంజూర రకమే ఉంది. ఆ అంజూరకూ, రచ్చకట్ట మీది రావికీ, మర్రికీ, వంక ఒడ్డున మేడికీ, జువ్వికీ ఇంటిపేరు ఒకటే: ఫైకస్. ప్రపంచంలో వీటివి దాదాపు 850 జాతులు. ఎక్కువభాగం ఉష్ణమండలపు వానల అడవులవే.

చిక్కటి అడవిలో నేలకు వెలుతురు అందదు. అందుకే పిట్ట రెట్టలో పడిన మర్రిగింజ ఇంకో చెట్టు తల మీదే మొలిచి, అక్కడినుంచి వేళ్ళు దించి నేలను అందుకుంటుంది. వేరు దించే ఈ గుణాన్ని గమనించే కాబోలు, మన పెద్దలు వానలు తక్కువైన ఈ సీమలో కొమ్మతో మర్రిని పెంచారు.

ఆ పనితనం మీద నాకు ఎంతో గౌరవం. ముంజేతి లావు, మనిషెత్తుకు మించిన కొమ్మ కావాలి. అంత ఎత్తుంటే చిగురు మేకలకు అందదు. ఆకులు దూసి, కోసిన పైకొనకు పేడా మన్నూ కలిపి మెత్తుతారు, లోపలి తడి ఆరిపోకుండా. తొలకరికి లోతుగా పాతి, చుట్టూ జాలికంప కడతారు. వానలు వెనకబడితే కడవతో నీళ్ళు పోస్తారు. అంజూర రైతూ గింజ వేయడు, ముదురు కొమ్మ ముక్కలే నాటుతాడు. అప్పుడే తల్లిచెట్టు పండే మళ్ళీ కాస్తుంది.

మేడిపండును పురుగుల పండని చిన్నచూపు చూస్తాం. దాని పూలు కాయ లోపలే పూస్తాయి. సన్నటి కందిరీగ దూరి పుప్పొడి చేరిస్తేనే గింజ కడుతుంది. దాదాపు ప్రతి ఫైకస్ జాతికీ తనదైన కందిరీగ ఉంది. చెట్లన్నీ ఒకేసారి కాయవు కాబట్టి, వేరే పండు దొరకని రోజుల్లోనూ పిట్టలకు ఇవే ఆధారం.

ఈ చెట్లున్న మన సీమ రెండు రాష్ట్రాలకు పంపకమైంది: 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో ఉండిపోయాయి. మర్రి మీది మమకారం మాత్రం రెండువైపులా ఒకటే. అటు ఆంధ్రలో కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దాదాపు ఐదెకరాలు పరుచుకుని 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఇటు కర్ణాటకలో హులికల్, కూడూరు దారిలో 385 మర్రిచెట్లు పెంచిన సాలుమరద తిమ్మక్కను 2019లో పద్మశ్రీ వరించింది.

ఇప్పుడు రోడ్లు వెడల్పు చేసేటప్పుడు మొదట పోయేది దారిపక్క మర్రే. కొట్టేసిన ఆ మానులో నాటదగిన కొమ్మలు ఎన్నో ఉంటాయి. వాటిని కట్టెల అడితికి పంపడం తప్పు. పంచాయతీలు, బడులు, రైతులు ఆ కొమ్మలను అడిగి తెచ్చుకోవాలి. ఈ తొలకరికి మీ ఊరి చెరువుకట్ట మీద ఒక్క మర్రికొమ్మ నాటండి, రెండేళ్ళు కంప కట్టి కాపాడండి.