గొర్రెల దొడ్డిలో శిల్పం

ఇంగ్లండ్‌కు వాయవ్య మూలన ఉన్న కంబ్రియా కొండల్లో సున్నమూ మట్టీ లేకుండా ఉత్త రాళ్లు పేర్చి కట్టిన పాత గొర్రెల దొడ్లు చాలా ఉన్నాయి. ఉన్ని కత్తిరించేముందు గొర్రెలను కడగడానికి వాగుల పక్కన కొన్ని కట్టారు. కొండ మీద కలిసి మేసిన మందలను దించి ఎవరి జీవాలను వారు ఏరుకోవడానికి కొన్ని కట్టారు. ఊళ్లలో ఉండేవి మన బందెలదొడ్ల వంటివే: దారితప్పిన పశువును అందులో పెట్టేవారు, యజమాని సొమ్ము కట్టి విడిపించుకోవాల్సి వచ్చేది. సేద్యం తీరు మారాక చాలా దొడ్లు కూలిపోయాయి.

1996లో శిల్పి ఆండీ గోల్డ్స్‌వర్దీ ఈ దొడ్లనే తన పనికి ఎంచుకున్నారు. పదమూడో ఏటి నుంచే పొలం పనులకు వెళ్లినవాడు కాబట్టి ఆయనకు రాయీ మందా కొత్త కాదు. పాత సర్వే మ్యాపుల్లో దొడ్డి గుర్తు ఉన్న చోట్లను వెతకడం, పడిపోయినదాన్ని తిరిగి కట్టించడం, ఆ చోటి గతానికి తగిన శిల్పాన్ని అందులో చేర్చడం ఆయన పద్ధతి. వంద అనుకున్నారు. 2001లో గాలికుంటు వ్యాధి ఆ ప్రాంతాన్ని కుదిపేసింది. 2003లో పని ముగిసేసరికి లెక్క సగానికి చేరలేదు.

దొడ్డి గోడ నిజానికి జంట గోడ. అడుగున పెద్ద బండలు వేస్తారు. పైకి పోయేకొద్దీ రెండు ముఖాలూ దగ్గరవుతాయి. నడిమి సందులో చిన్నరాళ్లు బిగించి కూరాలి. ఇక్కడ అశ్రద్ధ చేస్తే బయటికి ఎంత సొగసుగా ఉన్నా గోడ కొన్నేళ్లకు పొట్ట ఉబ్బుతుంది. కింది వరుసలోని అతుకు మీద పై వరుస రాయి కూర్చోవాలి. అక్కడక్కడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పట్టే పొడవాటి రాయిని అడ్డంగా వేస్తారు, రెంటినీ కలిపి ఉంచేది అదే. జిగురు లేనందున నేల కుంగితే గోడా కొంత సర్దుకుంటుంది, వాన నీరు సందుల్లోంచి జారిపోతుంది. గోల్డ్స్‌వర్దీ పనిలో ఇలాంటి గోడలు కట్టే వృత్తివారి చెయ్యి చాలా ఉంది. వారి నైపుణ్యం లేకపోతే శిల్పి ఊహ కాగితం మీదే ఉండేది.

కాస్టర్టన్ దగ్గర దారి వెంట ఉన్న చిన్న దొడ్లలో ఒక్కోదానిలో ఒక్కో పెద్ద బండ ఉంటుంది. టిల్బర్‌త్వెయిట్ దొడ్డి గోడల్లో పలకరాయి వలయాలు పొదిగారు. వాటిలో పలకల వాలు గోడగోడకూ మారుతుంది కనుక వెలుగు ఒక్కోదాని మీద ఒక్కోలా పడుతుంది. ఊళ్లలోని బందెలదొడ్లలో రాతి శంకువులు నిలిపారు. ఇవి చూడముచ్చటగా ఉన్నా, మరో చోట పెట్టినా ఇంతే బాగుంటాయి. అన్నిటికన్నా చరిత్రకు సూటిగా బదులిచ్చింది 1997 నాటి ఎర్ర ఇసుకరాయి తోరణం. స్కాట్లాండ్ నుంచి దక్షిణాదికి పశువులను తోలుకెళ్లిన పాత బాట వెంట దాన్ని మోసుకెళ్లి, మజిలీ మజిలీకి దొడ్డిలో నిలబెట్టి, విప్పేసి ముందుకు సాగారు. మంద చేసిన ప్రయాణాన్నే రాయి చేత చేయించారు.

ఈ దొడ్లను చూడాలంటే చాలాచోట్ల జీవాలు మేసే పొలాల మీదుగా నడవాలి. దారిలో మూసి ఉన్న గేటును దాటాక మళ్లీ మూయాలి, తెరిచి ఉన్నదాన్ని అలాగే వదిలేయాలి.